ఎడమ వింగులో గుసగుస

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పౌడరు బాబాయి. నలభై ఏళ్ళు నటుల మొహాలకి రంగు పూసిన మనిషి. రంగు మొహాలకే పూశాడు గాని మాటకి ఏనాడూ పూయలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా సొంతం కలపాల్సిన చోటు ఒకటుంది... అది చివర్లో వస్తుంది.

మా థియేటరు సినిమాలాడేది కాదు, నాటకాలాడేది. దాని ఎడమ వింగుకి చెడ్డపేరు.

వింగంటే స్టేజి పక్కన నల్ల తెరల చాటు. వేషం కట్టినవాళ్ళు తమ వంతు కోసం నిలబడే చోటు. కుడి వింగులో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ నిలబడేవారు. ఎడమవైపు మాత్రం, దీపాలు ఆరాక, ఎంత మొనగాడైనా అడుగు పెట్టేవాడు కాదు.

రాత్రిళ్ళు అక్కడ ఎవరో గుసగుసలాడతారు.

ఒక ఏడాదిలో ముగ్గురు వాచ్‌మన్లు మారారు. లైట్ల మెకానిక్ ఆ మాటలు విని, ఎక్కిన నిచ్చెన ఎక్కినట్టే దిగి, దాన్ని అక్కడే వదిలేసి పోయాడు. ఆ నిచ్చెన ఏడాది పాటు అక్కడే ఉంది. విన్నవాళ్ళందరిదీ ఒకటే మాట —

"తిట్టదు, ఏడవదు, నవ్వదు. నాటకం చెబుతుంది."

ఆ వింగుకి ఈ చెడ్డపేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే సేనాపతి సంగతి చెప్పాలి.

పోస్టర్ల మీద ఆయన పేరు వేరు. మాకు మాత్రం సేనాపతే. పంతొమ్మిదేళ్ళకి బల్లెం పట్టుకుని నోరెత్తకుండా నిలబడే భటుడి వేషంతో చేరాడు. నాలుగేళ్ళు అలా నిలబడే ఉన్నాడు. ఒకరోజు ముఖ్య వేషగాడికి జ్వరమొస్తే, యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన సేనాపతి వేషం ఈయన మీద పడింది. ఇక దాన్ని వదల్లేదు — పద్నాలుగేళ్ళు అదే వేషం, నిండు హాలు.

నడకలో దర్జా, గొంతులో గంట. జ్ఞాపకం మాత్రం జల్లెడ. పది డైలాగులు దాటితే కన్ను ఎడమవైపు జారేది. అక్కడ స్టూలు మీద, ఒళ్ళో పుస్తకంతో, గుసగుస ఉండేవాడు.

మరిచిపోయిన డైలాగు చాటునుంచి అందించే మనిషి కాబట్టి ఆ పేరు. ముందు వరసలో వాడికి వినపడదు, సేనాపతికి మాత్రం చెవిలో చెప్పినట్టుండేది. ఆ గుసగుస భార్యే మా బట్టల వదిన. వేషాల బట్టలన్నీ ఆవిడ చేతిలోనే. ఆట జరిగినంతసేపూ మార్చాల్సిన కోటు పట్టుకుని మొగుడి స్టూలు వెనకే నిలబడేది.

ఇద్దరు మగాళ్ళకీ ఒక్క డైలాగు దగ్గర పడేది కాదు. మూడో అంకంలో సేనాపతి భార్యతో అంటాడు. పుస్తకంలో ఉన్నది — "నేను ఓడిపోలేదు, అలసిపోయాను." మొదటి రోజు కంగారులో ఈయన తిరగేసి అన్నాడు — "నేను అలసిపోలేదు, ఓడిపోయాను." హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత చప్పట్లు. ఇంకేముంది, రోజూ అదే. గుసగుస ఒప్పుకునే రకమా. రాసినవాడు అలా రాయలేదంటాడు. రోజూ ఆ చోటుకి రాగానే రాసినట్టే అందించేవాడు. ఈయన తిరగేసే అనేవాడు. వెంటనే పుస్తకం మీద గోరు టక్కుమనేది. పద్నాలుగేళ్ళు.

ఒక రాత్రి ఆ టక్కు వినపడలేదు.

పైగా, చీకట్లోంచి గుసగుస తిరగేసే వచ్చింది — "నేను అలసిపోలేదు..."

సేనాపతి స్టేజి మీదే లోలోపల నవ్వుకున్నాడట. ముసలాడు దిగొచ్చాడు. నాలుగో అంకం మంచి హుషారు మీద లాగేశాడు. తెర పడగానే తిన్నగా ఎడమ వింగులోకి నడిచాడు.

"ఏం అన్నా, మొత్తానికి నా దారికొచ్చావే."

భుజమ్మీద చెయ్యి వేశాడు.

మనిషి పక్కకి ఒరిగాడు... పుస్తకం జారి నేలమీద పడింది. చెయ్యి చల్లగా ఉంది.

డాక్టరు వచ్చాడు, చూశాడు, గడియారం చూసుకున్నాడు. "పోయి గంట పైనే అయింది."

"లేదండీ. ఇప్పుడే... పది నిమిషాల కిందట కూడా నాకు అందించాడు."

డాక్టరు పెట్టె మూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు సేనాపతి రైలెక్కి సినిమాల్లోకి వెళ్ళిపోయాడు. తర్వాతెప్పుడో ఆయన జీవితం మీద పుస్తకం రాసినాయన ఏమో, ఆ మహానటుడికి చిన్న స్టేజి చాలలేదని రాశాడు. చాలకపోవడం కాదు. భయం.

సినిమాల్లో బాగానే వెలిగాడు. జడ్జీలు, పోలీసు ఆఫీసర్లు, హీరోయిన్ల తండ్రులు. అక్కడ డైలాగు ఒక్కో ముక్కే చెప్పాలి. రెండు ముక్కలు, కట్. కెమెరా పక్క నుంచి అసిస్టెంటు డైలాగు చదువుతాడు, ఈయన చెబుతాడు. ఒక్కటే షరతు పెట్టేవాడట — "గుసగుసగా చెప్పొద్దు. గట్టిగా అరిచి చెప్పండి." కుర్రకారు నవ్వుకునేవారు.

అలా ముప్ఫై రెండేళ్ళు. చివరికి ఆ రెండు ముక్కలు కూడా నోట్లో నిలవడం మానేశాయి. ఒక సినిమాలో ఇరవై టేకులు తీసి, మర్నాడు ఆ వేషానికి వేరేవాణ్ణి తెచ్చుకున్నారు. "పెద్దాయన పని అయిపోయింది" అన్న మాట ఈయన చెవినే పడింది.

సరిగ్గా అప్పుడు మా థియేటరు కమిటీ వెళ్ళి అడిగింది — ఆయన స్టేజెక్కి యాభై ఏళ్ళయిన సందర్భంగా ఒక్క ఆట, మళ్ళీ సేనాపతి. ఒప్పుకున్నాడు. సినిమావాళ్ళంతా వస్తామన్నారు. ఆ ఒక్క ఆట నిలబడితే ఆయన ఇంకా నటుడు. నోరు పెగలకపోతే అయిదు వందల మంది ముందు ముగిసిపోయినవాడు. అదీ పందెం.

రిహార్సల్స్ మూడు రోజులూ గదిలోనే జరిగాయి. అందించడానికి ఒక కొత్తమ్మాయిని పెట్టారు. ఆ పిల్ల గొంతు తగ్గించి మొదటి మాట అందించగానే ఈయన చేతులు చల్లబడ్డాయి. ఒక్క అంకం కూడా పూర్తి కాలేదు.

ఆటకి ముందు రాత్రి, పదకొండు దాటాక, సేనాపతి ఒక్కడే థియేటరుకి వచ్చాడు. అదేమిటో మొహామొహీ తేల్చుకోకపోతే రేపు ఆ స్టేజెక్కలేనని ఆయనకి తెలుసు.

వాచ్‌మన్ పక్క తలుపు తీసి టార్చి చేతిలో పెట్టాడు.

"నేనిక్కడే ఉంటాను సార్. పిలవకండి... రాను."

లోపల చెక్క వాసన, పాత తెరల దుమ్ము వాసన. స్టేజి నడుమ స్టాండుకి ఒకే ఒక్క బల్బు. దాని వెలుగు కుడివైపు గోడ దాకా పోయింది. ఎడమవైపు మాత్రం, నల్ల తెర దగ్గరే ఆగిపోయింది.

ఆయన కుడివైపే నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఖాళీ కుర్చీల్లోకి చూస్తూ మొదలుపెట్టాడు.

మొదటి అంకం సాఫీగా జరిగింది. రెండో అంకంలో సేనాపతి ఇంటికొచ్చిన ఉత్తరం చదివి చింపేస్తాడు. చింపాడు — ఉత్తి చేతులతోనే. ఆ తర్వాత...

ఆ తర్వాత ఏమిటి?

గోడగడియారం చప్పుడు వినిపించింది.  చూడకూడదనుకుంటూనే, కన్ను జారింది. ఎడమవైపు.

"కబురు తెచ్చినవాణ్ణి..."

చాలా మెల్లగా. చెవిలో చెప్పినట్టు.

 నా బుర్రలోంచే వచ్చింది, అనుకున్నాడు. అనుకుని, ఆ మాట అందుకుని డైలాగు పూర్తి చేశాడు. ఇంకో నాలుగు చెప్పాడు. అయిదోది తెలిసి కూడా... కావాలనే ఆగాడు.

ఒక క్షణం. రెండు.

"...ఈ గుమ్మం దాటిన రోజు..."

వచ్చింది. నల్ల తెర అవతల నుంచే వచ్చింది.

కాళ్ళు తలుపువైపు తిరిగాయి. కానీ అదే కాళ్ళు ఒకసారి పరిగెత్తి ముప్ఫై రెండేళ్ళు ఆగలేదు. ఇక పరిగెత్తడానికి చోటు కూడా లేదు. బల్బు స్టాండు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"అన్నా," అన్నాడు. గొంతు ఆయనకే వినపడలేదు. "నువ్వేనా?"

 తెర అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు.

ఇంకేం చెయ్యాలో తెలియక నటించాడు. బాబాయి చెప్పింది అదే — "ఆయనకి భయమేసినా, కోపమొచ్చినా, వేరే పని చేతకాదురా." రెండో అంకం అయింది. మూడోది మొదలైంది. ఆయన ఆగినచోటల్లా చీకటి అందించింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

భార్య ముందు నిలబడే చోటు వచ్చింది. ఆగాడు.

"నేను అలసిపోలేదు... ఓడిపోయాను..."

సేనాపతి నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

గోటి చప్పుడు లేదు. తిరగేసిన డైలాగే అందింది, ఆ రాత్రి అందినట్టే. ఆ రాత్రి నుంచి ఈ రాత్రి దాకా భయం ఆయన్ని ఒక్క నిమిషం కుదురుగా ఆలోచించనివ్వలేదు. ఇప్పుడు, ఆ బల్బు కింద, మొదటిసారి ఆలోచించాడు.

బతికుండగా పద్నాలుగేళ్ళు లొంగని మనిషి... చచ్చి లొంగుతాడా?

దెయ్యమై వచ్చినా సరే, ఆ మొండి ఘటం రాసినట్టే అందిస్తాడు. టక్కుమని మరీ కొడతాడు. ఇది వాడు కాదు.

టార్చి వెలిగించాడు.  అయిదడుగులు. నల్ల తెర పట్టుకుని పక్కకి లాగాడు.

పాత స్టూలు. దాని మీద నెరిసిన జుట్టు, ముడుచుకున్న భుజాలు. ఒళ్ళో పుస్తకం లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"వదినా..." అన్నాడు. "నువ్వా?"

"మొహం మీంచి ఆ దీపం తియ్యండి," అంది బట్టల వదిన. "కళ్ళు తెరిస్తే మరిచిపోతాను."

ఆయన నేలమీదే కూలబడ్డాడు. 

"ఇన్నేళ్ళూ ఇక్కడ గుసగుసలాడింది..."

"నేనే. ఇంట్లో ఈ డైలాగులు అనుకుంటే కోడలు ఊరుకోదు. ఎవరితో అత్తయ్యా మాటలు అంటుంది. బట్టల గదిలోంచి వచ్చి ఇక్కడ కూర్చుంటే ఎవరూ అడగరు. పారిపోతారు."

"లైటైనా వేసుకోవచ్చుగా. జనం హడలి చస్తున్నారు."

"చదువురాని దానికి లైటెందుకు?"

ఆయనకి నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ రాత్రి కూడా..."

 ఆవిడ అదే గొంతుతో, చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"మీరు ఉత్తరం చింపే చోట ఆయన తల వాల్చారు. నిద్రనుకుని గిల్లాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను... మీరేమో అక్కడ ఆగిపోయారు. ఇటు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. నేను నోరు తెరిచాను. అరవడానికే తెరిచాను. డైలాగు వచ్చింది."

"వదినా."

"ఒకటొచ్చాక రెండోది రాదా. రోజూ వింటున్నవేగా. మీరు ఎలా అంటారో అలాగే వచ్చాయి నాకు, పుస్తకంలో ఎలా ఉంటాయో నాకేం తెలుసు. ఆయన స్టూలు మీంచి పడకుండా నా నడుముకి ఆనించుకుని నిలబడ్డాను. గంటంబావు. నాలుగో అంకంలో మీ కోటు మార్చింది కూడా ఒక చేత్తోనే. మీరు గమనించలేదు."

"గొంతు... ఆడగొంతని నాకు తెలియలేదే."

"గుసగుసకి ఆడా మగా ఏముంది?"

"చెప్పొచ్చుగా, ఒక్కసారి."

"ఎవరికి? మీరు రైలెక్కారు. మా అత్తగారికి చెప్పనా, మీ కొడుకు పోయాడని తెలిసీ పక్కన నిలబడి నాటకం నడిపించానని? పైగా మీ రూలొకటి ఉండేది. పుస్తకం పట్టినవాడు తప్ప వింగులో ఇంకెవరు పెదవి కదిపినా గేటు బయటికే అని. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు."

ఆయన తల వంచుకున్నాడు. "నీకు భయపడి పారిపోయానన్నమాట నేను."

"అందరూ పారిపోయారు. మీరు కాస్త దూరం పోయారు, అంతే."

ఆయన టార్చి ఆర్పాడు.

"రేపు అందిస్తావా?"

"రూలో?"

"ఆ రూలు పెట్టినవాడే రేపు నీ నోటికేసి చూస్తూ నిలబడతాడు."

"ఆ లైను ఎటు తిప్పి అందించమంటారు?"

ఆయన ఆలోచించాడు. "రాసినట్టే అందించు. ఎట్లాగో నేర్పుతాను. ఒక్కసారి వాడి మాట గెలవనీ." తర్వాత అన్నాడు — "ఆట అయ్యాక నిన్ను అందరి ముందూ నిలబెట్టి, ఆ రాత్రి సంగతీ ఈ రాత్రి సంగతీ నా నోటితో చెబుతాను."

"బాగుండదు," అందావిడ. కొంచెం ఆగి, "అందరి బట్టలూ నా దగ్గరున్నాయి గాని, నాకే మంచివి లేవు," అంది.

మర్నాడు ఆట జరిగింది. అలాంటి ఆట ఆ స్టేజి మీద అంతకు ముందు లేదు, తర్వాత లేదు. "నేను ఓడిపోలేదు... అలసిపోయాను" అన్నప్పుడు చప్పట్లు పడలేదు. ఎవరూ కదల్లేదు. సినిమావాళ్ళు కళ్ళు తుడుచుకోవడం తెర సందులోంచి కనపడింది. ఎడమ వింగులో ఉతికిన బట్టలతో, తల దువ్వుకుని, కళ్ళు మూసుకుని బట్టల వదిన నిలబడి ఉంది.

నాటకం చివర్లో సేనాపతి నేలకొరిగాడు. తెర పడింది. హాలు దద్దరిల్లింది.

ఆయన గబగబా లేచి, వదిన చెయ్యి పట్టుకుని స్టేజి నడుమకి తెచ్చాడు.

"తెర ఎత్తు," అన్నాడు తాడు దగ్గరున్నవాడితో.

"ఆఖరి తెర పడ్డాక ఎత్తకూడదు," అన్నాడు తెరవాడు.

"ఒక్క మాట చెప్పాలయ్యా. ఎత్తు."

"రూలు మీదే సార్. చచ్చిన సేనాపతి లేచి పళ్ళికిలిస్తే ఆ చావుకి విలువేముంది అన్నారు. గుర్తులేదా?"

గుర్తుండకపోవచ్చు. తెరవాడికి గుర్తుంది. అప్పటికి ముప్ఫై మూడేళ్ళ కిందట ఒక రాత్రి, చప్పట్లు ఆగక ముచ్చటపడి, తెరవాడు మళ్ళీ తెర ఎత్తాడు. సేనాపతి అందరి ముందూ వాడి చెంప మీద కొట్టి ఆ మాట అన్నాడు. ఆ దెబ్బని వాడు అన్నేళ్ళూ దాచుకున్నాడు. ఆ రాత్రి చెల్లించాడు. తాడుకి రెండు ముళ్ళు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సేనాపతి ముడి విప్పబోయాడు. వేళ్ళు సహకరించలేదు. అవతల చప్పట్లు సన్నబడ్డాయి... కుర్చీలు కదిలాయి... అంతలో సినిమావాళ్ళు పూలగుత్తులతో స్టేజి మీదికి వచ్చేశారు. బట్టల వదిన మెల్లగా చెయ్యి విడిపించుకుని, ఆయన కోటు చంకన పెట్టుకుని, బట్టల గదికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేకప్ తుడిపించుకుంటూ ఆయన బాబాయికి అంతా చెప్పాడు. మళ్ళీ ఆట పెట్టించి, తెర పడకముందే చెబుతానన్నాడు. పదకొండో రోజున షూటింగులో కుప్పకూలి చనిపోయాడు.

ఆఖరి చూపు చూసి తిరిగి వస్తుంటే బాబాయి నన్ను దారిలో ఆపాడు. "ఒరే, ఆయన తెర ఎందుకు ఎత్తమన్నాడో తెలుసా నీకు?"

అవును. ఆ తాడుకి ముళ్ళు వేసింది నేనే. నన్ను కొట్టడం తప్పని ఇప్పటికీ అంటాను. కానీ నేను తెర దించేసింది ఆయన మీద కాదని, ఆ దారిలో తెలిసింది.

ఆయన మీద వచ్చిన పుస్తకంలో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో నాటకం మొత్తం ఎవరి సాయం లేకుండా జ్ఞాపకం మీద ఆడాడని రాశారు. మా మనవరాలు నాకు చదివి వినిపించింది. మా థియేటరు గుమ్మంలో బోర్డు మీదా అదే చెక్కించారు. ఎడమ వింగులో దెయ్యముందని కూడా ఆ పుస్తకంలో ఉందట. రెండూ అబద్ధం. మళ్ళీ అచ్చు వేసేవాళ్ళకీ, థియేటరు కమిటీకీ నా మనవి — ఆ రెండు చోట్లా దిద్దండి. ఆ రెండు ఆటలూ నడిపించింది ఆవిడని రాయండి. ఆవిడ ఇంకా ఉంది, కళ్ళు కనపడవు గాని గొంతు బాగానే ఉంది.

రాసేటప్పుడు పేరు మాత్రం ఆవిడనే అడిగి రాసుకోండి. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేశాం, నేనూ బాబాయీ సేనాపతీ అందరమూ. వదినా అనే పిలిచాం. ఆవిడ పేరేమిటో మాలో ఒక్కడికీ తెలియదు.